నలభై నాలుగు నుంచి నలభై ఎనిమిది వరకు

వాలరూ, దక్షిణ ఆస్ట్రేలియా
20 మే 1985

శ్రీ హెచ్. వాస్పర్ గారికి, లేదా వారి వారసులకు,

మే 14, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు అడిలైడ్‌లో నేను పియానో డిప్లొమా పరీక్ష తప్పాను. దాంతో మీకేం సంబంధమో కింద రాస్తున్నాను.

నా పేరు మెరిన్ ట్రెలోర్. వయసు ఇరవై. పుట్టుకతోనే చూపు లేదు. ఆరో ఏటి నుంచి ఈ ఊళ్ళో కిట్టో టీచర్ దగ్గర నేర్చుకుంటున్నాను. ఆవిడ వాయిస్తారు, నేను విని వాయిస్తాను. ఆవిడకి రానివి రికార్డు పెట్టి వినిపిస్తారు. పద్నాలుగేళ్ళు ఈ ఏర్పాటు ఇద్దరికీ హాయిగా సాగింది.

పరీక్షలో నాలుగు గొంతుల ఫ్యూగ్, అంటే ఒకే పాటని నాలుగు గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకునేది, చివరిదాకా వాయించాను. ఒక్క స్వరం తప్పలేదు. పరీక్షకుడు "బాగుంది. ఇప్పుడు నలభై నాలుగో బార్ నుంచి ఎడమ చెయ్యి మాత్రం వాయించండి" అన్నాడు (వారసుల కోసం: బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం). నాకు రాలేదు. మొత్తం కలిపి ముద్దగా వచ్చు, విడదీస్తే ఏ చేతిదీ రాదు. ఆయన నివేదిక ఒకే వాక్యం: "ఈ అభ్యర్థి విన్న రికార్డులో వాయించినాయన ఉత్తీర్ణుడు."

అందుకని బ్రెయిలీలో చదివి నేర్చుకుందామని గుడ్డివాళ్ళ గ్రంథాలయానికి రాశాను. మొదటి సంపుటం వచ్చింది. ఫ్యూగ్ ఉన్న రెండో సంపుటం 1961 ఆగస్టులో మీరు తీసుకెళ్ళారట; మీ చిరునామా వాళ్ళే ఇచ్చారు. ఇరవై నాలుగేళ్ళయింది. ఇంకా పూర్తికాలేదా?

మళ్ళీ పరీక్ష నవంబర్ 12న. పుస్తకం పంపండి. మీరు ఉన్నారో లేదో తెలియదు కనుక, ఇంట్లో కళ్ళున్నవాళ్ళు చదువుకోవడానికి వీలుగా టైపు చేస్తున్నాను. ఒకవేళ ఉంటే ఇంకో మాట. పియానో వాయించే గుడ్డివాళ్ళలో నాకు తెలిసినవాళ్ళు ఇప్పటికి ఒక్కరే, నేనే. బ్రెయిలీలో సంగీతం చదివి ఎలా నేర్చుకోవాలో చెప్పగలరా?

మెరిన్ ట్రెలోర్

---

అల్వర్‌స్టన్, టాస్మేనియా
3 జూన్ 1985

మెరిన్‌కి,

ఉన్నాను. వారసులు లేరు. వయసు డెబ్బై ఒకటి. ఈ తీరంలో నలభై ఏళ్ళు పియానోలు శ్రుతి చేశాను, పాఠాలు చెప్పాను, అప్పుడప్పుడు కచేరీలు చేశాను. ఇప్పుడు ఏమీ చెయ్యడం లేదు. ఆ పని కూడా బాగానే చేస్తున్నాను.

పుస్తకం పంపను. ఒక్కసారి నీ చేతికొస్తే రెండు వారాల్లో అంతా తడిమేసి, వచ్చేసిందనుకుంటావు. నేనే కొన్ని కొన్ని బార్లు బ్రెయిలీ మిషన్ మీద కొట్టి పంపుతాను. మొత్తం అరవై నాలుగు.

పద్ధతి ఇది. ఎడమ చేతి వంతు కుడి చేతి వేలితో చదువుతూ, ఎడమ చేత్తో వాయించు. ఒక్క బార్. అది నిద్రలో లేపి అడిగినా రావాలి. తర్వాత కుడి చేతి వంతు ఎడమ వేలితో చదువు. రెండూ వేరువేరుగా వచ్చాకే కలుపు. ఆ తర్వాతే రెండో బార్. కళ్ళున్నవాళ్ళు చూస్తూ వాయిస్తారు. మనకి ఒక చెయ్యి ఎప్పుడూ చదువుతూ ఉంటుంది కనుక, ముందు కంఠతా పట్టి తర్వాత వాయిస్తాం. అంచేత మనకి వాళ్ళకంటే గట్టిగా వస్తుంది, వాళ్ళకంటే చాలా ఆలస్యంగా.

ఆ రికార్డు బీరువాలో పెట్టి తాళం వెయ్యి. తాళంచెవి మీ టీచరుకివ్వు.

మొదటి ఎనిమిది బార్లు జత చేశాను.

హెక్టర్ వాస్పర్

---

వాలరూ
12 జూన్ 1985

వాస్పర్ మాష్టారికి,

మీరు బ్రెయిలీలో రాశారు కనుక నేనూ మన లిపిలోనే రాస్తున్నాను. ఉత్తరం ఇంకొకరి చేత చదివించుకోకుండా నేనే చదువుకోవడం ఎన్నాళ్ళ తర్వాతో. అమ్మ నా ఉత్తరాలు చదివేటప్పుడు మధ్యలో దగ్గుతుంది. ఆ దగ్గు దగ్గర ఏదో వాక్యం ఎగిరిపోయిందని నాకు తెలుసు.

ఎనిమిది బార్లూ వచ్చాయి. మూడు ప్రశ్నలు. ఆరో బార్‌లో ఎడమ బొటనవేలు ఎక్కడ మార్చాలి? పరీక్ష గదిలో పియానో మధ్య భాగం వెతుక్కునేటప్పుడు తడుముకుంటున్నట్టు కనబడకుండా ఎలా? చేతులు వణికితే మీరేం చేసేవారు?

నవంబర్ సంగతి మీకు సరిగ్గా చెప్పలేదు. డిసెంబర్‌లో కిట్టో టీచర్ పాఠాలు మానేస్తున్నారు. ఇరవై ఆరుగురు పిల్లలున్నారు. డిప్లొమా ఉంటే వాళ్ళు నాకు వస్తారు. లేకపోతే జనవరి 6 నుంచి అడిలైడ్‌లో ఒక ఆస్పత్రి టెలిఫోన్ బోర్డు దగ్గర ఫోన్లు కలుపుతూ కూర్చోవాలి. సంక్షేమ శాఖ పాస్కో గారు ఇంటికొచ్చి మరీ చెప్పారు: "వేళ్ళు చురుగ్గా ఉన్నాయమ్మా, ప్లగ్గులు భలే పెడతావు." పద్నాలుగేళ్ళ సాధనకి ఇంతవరకు వచ్చిన మెప్పు అదొక్కటే. నాకు భయంగా ఉంది. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మెరిన్

---

అల్వర్‌స్టన్
24 జూన్ 1985

మెరిన్‌కి,

ఉత్తరం అందింది. అంతా అనుకూలంగా ఉందని తెలిసి సంతోషం. అలాగే సాగనీ.

ఇక్కడ పదకొండు రోజులుగా వాన. తొమ్మిది నుంచి ఇరవై నాలుగు దాకా బార్లు జత చేశాను.

ఒక్క మాట. ఇకనుంచి టైపు చేసి పంపు. బ్రెయిలీ కాగితం లావు, నా పోస్టు డబ్బాలో పట్టదు. పోస్టు మనిషి గేటు మీద పెట్టి పోతాడు, తడుస్తుంది. పైగా రేపు నువ్వు టీచరువైతే పిల్లల తల్లిదండ్రులకి ఉత్తరాలు రాయాలి. ఇప్పట్నుంచే అలవాటు చేసుకో.

హెక్టర్ వాస్పర్

---

వాలరూ
2 జూలై 1985

వాస్పర్ గారికి,

మీ కోరిక ప్రకారం టైపు చేస్తున్నాను. గుడ్డిదాన్ని గుడ్డాయనకి సిరాతో ఉత్తరం రాయమనడం కొత్తగా ఉంది. ఈసారి దీపం వెలిగించుకుని చదవమని కూడా చెప్పండి.

అడిగినవి మూడు ప్రశ్నలు. వచ్చిన జవాబు: వాన. భయంగా ఉందని రాస్తే అనుకూలంగా ఉందని సంతోషించారు. అలాగే సాగనీ అన్నారు. సాగిస్తున్నాను.

మళ్ళీ రాస్తున్నాను, ఈసారి పెద్ద అక్షరాల్లో. డిప్లొమా రాకపోతే జనవరి 6 నుంచి నేను ఆస్పత్రి టెలిఫోన్ బోర్డు దగ్గర ఉంటాను; నా వేళ్ళు ప్లగ్గులకి భలే ఉంటాయని సంక్షేమ శాఖ పాస్కో గారి తీర్పు. డిప్లొమా వస్తే కిట్టో టీచర్ పిల్లలు ఇరవై ఆరుగురూ నా దగ్గరికి వస్తారు. ఆరో బార్‌లో బొటనవేలు ఎక్కడ? తడుముకుంటున్నట్టు కనబడకుండా పియానో మధ్య భాగం ఎలా? వణుకు సంగతేంటి?

పదహారు బార్లకు కృతజ్ఞతలు. అవి మాత్రం బాగున్నాయి.

మెరిన్ ట్రెలోర్

---

అల్వర్‌స్టన్
15 జూలై 1985

మెరిన్‌కి,

తిట్లు అందాయి. అన్నీ న్యాయమైనవే. ముసలివాడి పరాకు అనుకుని ఊరుకో.

బొటనవేలు ఆరో బార్ మూడో స్వరం మీద. మూత తెరవగానే మూత అంచులో తాళం రంధ్రం ఉంటుంది. కుర్చీ సర్దుకుంటున్నట్టు వంగి, ఎడమ చేతి చిటికెన వేలి కణుపు దానికి ఆనించు. మధ్య భాగం దాని పక్కనే. నీకు దారి తెలియలేదని ఎవరూ పట్టుకోలేరు. పరీక్షకుడి ముందు రుమాలు తీసి పియానో మీటలు తుడిచేవాళ్ళు కొందరున్నారు. అది వద్దు. పని మనిషివనుకుంటాడు.

వణుకు. బర్నీ టౌన్ హాల్లో నా మొదటి కచేరీకి ముందు చేతులు చంకల్లో పెట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాను. పక్కన ఎవరో "ఈయన చలికి వచ్చాడా, కచేరీకి వచ్చాడా" అన్నారు. వణుకు ఆగలేదు. వణుకుతూనే వాయించాను. అది ఆగేదాకా ఆగితే మనకి పని జరగదు.

టెలిఫోన్ బోర్డు సంగతి. ఆ పని తప్పుకాదు. కానీ నీకు వద్దనిపిస్తే అదే చాలు, కారణాలు ఎవరికీ చెప్పనక్కర్లేదు. పాస్కో గారికి అసలు చెప్పకు.

ఇరవై ఐదు నుంచి నలభై మూడు దాకా. మిగతావి ఆగస్టు నెలాఖరుకి.

హెక్టర్

---

వాలరూ
9 సెప్టెంబర్ 1985

మాష్టారూ,

నలభై మూడు బార్లు వచ్చాయి. ఏ చెయ్యి అడిగినా, ఏ బార్ అడిగినా. కిట్టో టీచర్ పరీక్షించారు. "ముప్పై ఒకటి, ఎడమ!" అన్నారు. వాయించాను. "పంతొమ్మిది, కుడి!" అన్నారు. వాయించాను. "నాకే రాదే ఇది" అని లోపలికెళ్ళి టీ పెట్టుకున్నారు. అడిలైడ్‌లో పోయిన పరువు ఆ వంటింటి పక్క గదిలో కొంత తిరిగొచ్చింది.

ఇప్పుడు మీరు ఆఖరున పంపిన కొత్త బార్లలో ఒక అనుమానం. నలభై నాలుగు నుంచి నలభై ఎనిమిది దాకా. మీరు పంపిన దాంట్లో అట్టడుగు గొంతు నలభై ఐదులో మొదలవుతోంది. నా చెవికి అది నలభై నాలుగులోనే రావాలి. ఒక బార్ ఆలస్యమైతే, వాళ్ళు ముగ్గురూ మాట్లాడుకుంటుంటే నాలుగోవాడు తలుపు దగ్గర నిలబడి చెప్పులు విప్పుకుంటున్నట్టుంది.

రికార్డులో నలభై నాలుగే. బీరువా తాళం ఒక్కసారే తీశాను.

మెరిన్

---

అల్వర్‌స్టన్
16 సెప్టెంబర్ 1985

మెరిన్‌కి,

ఒక్కసారే తీశావన్నమాట. పొగ మానేసినవాళ్ళందరూ ఒక్కసారే అంటారు.

ఆ రికార్డే నిన్ను మేలో ముంచింది. ఇప్పుడు మళ్ళీ దాన్నే సాక్షిగా పిలుస్తున్నావు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే పంపాను. నలభై ఐదు. పుస్తకాన్ని నమ్ము, చెవిని నమ్మకు. నీ చెవి పద్నాలుగేళ్ళు ఎవరెవరి తప్పులో మోసింది.

రోజూ గంట ఆ ఐదు బార్లే వాయించు. అలవాటైతే సరిగ్గానే వినిపిస్తుంది.

హెక్టర్

---

వాలరూ
1 అక్టోబర్ 1985

వాస్పర్ గారికి,

రోజూ గంట వాయించాను. పది రోజులు. మీరు చెప్పినట్టే అలవాటైంది, సరిగ్గానే వినిపించింది.

నిన్న కిట్టో టీచర్ విని "ఆగు" అన్నారు.

"ఏమైందండీ?"

"ఆ కింది గొంతు ఆలస్యంగా వచ్చింది."

"పుస్తకంలో అంతేనండీ."

"ఏ పుస్తకం?"

"వాస్పర్ మాష్టారి పుస్తకం."

ఆవిడ అలమర తెరిచి, కళ్ళున్నవాళ్ళ అచ్చు ప్రతి తీశారు. కళ్ళజోడు కోసం ఐదు నిమిషాలు వెతికారు, అది తల మీదే ఉంది. తర్వాత "నలభై నాలుగమ్మా" అన్నారు. "మొదటి దెబ్బకే. నీ చెవి సరిగ్గా చెప్పింది. నీ మాష్టారే ఎక్కడో దారి తప్పాడు."

ఒక్క స్వరం కాదు. ఐదు బార్లలో ఎడమ చేతిది మొత్తం తప్పు. పరీక్షకి ఆరు వారాలుంది. సరైనది ఇప్పుడు తెలుసు, కానీ చెయ్యి వినడం లేదు. నలభై నాలుగు రాగానే మీరు నేర్పిన దారిలోకే పోతోంది. మేలో ఆ పరీక్షకుడు మహానుభావుడు విడిగా అడిగింది సరిగ్గా అక్కడే.

కింది ప్రశ్నకి వాన కాకుండా జవాబు కావాలి. ఆ పుస్తకం నిజంగా మీ దగ్గర ఉందా?

మెరిన్ ట్రెలోర్

---

అల్వర్‌స్టన్
8 అక్టోబర్ 1985

మెరిన్‌కి,

పుస్తకం ఉంది. నా ఎదురుగా బల్ల మీద ఉంది. నేను దాన్ని చదవలేను.

చక్కెర జబ్బు. మొదట కాళ్ళు, తర్వాత వేళ్ళ కొసలు. 1983 శీతకాలం నుంచి చుక్కలు తగలడం మానేశాయి. ఏ కాగితమైనా సబ్బు బిళ్ళలా ఉంటుంది. మిషన్ మీద కొట్టడానికి కొసలు అక్కర్లేదు, మీటలు నొక్కితే చాలు. అందుకే రాయగలను. రాసింది చదువుకోలేను.

నీ టైపు ఉత్తరాలు పక్కింటి బెరిల్ రాట్రే చదువుతుంది. నర్సుగా చేసి రిటైరైంది. నీ బ్రెయిలీ ఉత్తరం వచ్చినరోజు ఆవిడే విప్పి "ఇందులో ఏమీ లేదు హెక్టర్, కాగితానికి తట్టు పోసింది" అంది. నేనే చదువుకుంటానులే అని తీసుకుని, గంట సేపు దాని మీద చేతులు వేసుకుని కూర్చుని, నీకు సంతోషం అని రాశాను. ఎక్కువ ఉత్తరాల్లో ఎక్కువమందికి అది సరిపోతుంది. నీకు సరిపోలేదు. ఆ ఉత్తరంలో ఏముందో తర్వాత నీ తిట్ల వల్ల తెలిసింది. ఇంకా ఏమైనా ఉంటే అది నాకు తెలియదు.

బార్లన్నీ జ్ఞాపకం నుంచే పంపాను. నలభై మూడు సరిగ్గా వచ్చాయి. ఆ తర్వాత నువ్వు అనుమానం చెబితే నాకూ అనుమానం వచ్చింది. అప్పుడు ఒప్పుకోవాల్సింది. పుస్తకంలో ఉందని రాశాను. నీ పది రోజులు పోవడానికి కారణం జబ్బు కాదు, ఆ వాక్యం.

మేలోనే పుస్తకం పంపితే పోయేది. పంపితే ఉత్తరాలు ఆగిపోయేవి. ఇంతకంటే మంచి కారణం లేదు.

బెరిల్ మొన్న నీ ఉత్తరం చదివి "ఈ పిల్ల నోరు మంచిది కాదు" అంది. నేను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. "నోరు మూసుకుని కూర్చుంటే కాదు, ఆ పిల్లకి నిజం రాయి. రాయకపోతే నేనే రాస్తాను, నా స్పెల్లింగులు నీకు తెలుసుగా" అంది. రాశాను. పుస్తకం ఇప్పుడే పోస్టుకి పట్టుకెళ్ళింది. నేను గుమ్మం దాకా సాగనంపాను.

హెక్టర్ వాస్పర్

---

వాలరూ
18 అక్టోబర్ 1985

మాష్టారూ (బెరిల్ గారూ, దగ్గకుండా చదవండి),

మూడు రోజులు మీ మీద కోపంగా ఉన్నాను. నాలుగో రోజు పుస్తకం వచ్చింది.

పెద్దది, బరువుగా ఉంది, మాంసం కూరిన వేడి పాస్టీల సంచీ మోసినట్టు రెండు చేతులా మోసుకొచ్చాను. ఒకటి నుంచి చదివాను. నలభై మూడు దాకా మీరు పంపినదానికీ దానికీ ఒక్క చుక్క తేడా లేదు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత, చదవకుండా. ఈ మాట మెచ్చుకోలుగా తీసుకోవద్దు, లెక్క కోసం రాస్తున్నాను.

తర్వాత నలభై నాలుగు. అక్కడ కాగితం నున్నగా ఉంది. చుక్కలు లేవు. నలభై ఎనిమిది దాకా లేవు. నలభై తొమ్మిది నుంచి మళ్ళీ ఉన్నాయి, మీరు పంపినట్టే. ఆ ఐదు బార్లూ ఎవరో రుద్ది రుద్ది అరగదీశారు. ఆ పుస్తకం 1961 నుంచి ఎవరి దగ్గర ఉందో మనకి తెలుసు. అంటే మేలోనే పంపి ఉన్నా నాకు ఆ ఐదు బార్లు దొరికేవి కావు. బాగున్న నా వేళ్ళూ, పోయిన మీ వేళ్ళూ ఆ అరపేజీ దగ్గర సమానం. మిమ్మల్ని పూర్తిగా తిట్టే అవకాశం కూడా మిగల్చలేదు.

కిట్టో టీచర్ అచ్చు ప్రతి ముందు పెట్టుకుని స్వరం స్వరం చదివారు, నేను మిషన్ మీద కొట్టాను. ఐదు బార్లకి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. "పద్నాలుగేళ్ళు నీకు ఇలా చదివి పెట్టి ఉండాల్సింది కదే" అన్నారు ఆవిడ. "రికార్డు పెడితే సులువనుకున్నాను." నేను ఫర్వాలేదనలేదు. టీ పెట్టనా అన్నాను.

ఇప్పుడు సరైన కాగితం ఉంది. చెయ్యి మాత్రం మీది. ముప్పై సార్లు వాయిస్తే ఇరవై రెండు సార్లు మీ తప్పే వస్తోంది. పరీక్షకి ఇరవై ఐదు రోజులు. నేర్చుకున్న తప్పుని వేళ్ళ నుంచి ఎలా తీస్తారు? ఇది పుస్తకంలో లేదు.

ఇంకోటి. ఎందుకు అరిగాయి? బాగా వచ్చిన చోట ఎవరూ అంత రుద్దరు.

మెరిన్

తా.క. ఆ బ్రెయిలీ ఉత్తరంలో మీకు తెలియనివి రెండు విషయాలు. ఉత్తరం నేనే చదువుకోవడం బాగుందని రాశాను. అమ్మ దగ్గు గురించి రాశాను. అంతే.

---

అల్వర్‌స్టన్
25 అక్టోబర్ 1985

మెరిన్‌కి,

బెరిల్ దగ్గలేదు. తాఖీదు ఇచ్చావు కదా, భయపడింది.

ఎందుకు అరిగాయంటే నాకు రాలేదు. 1961 అక్టోబర్‌లో లాన్సెస్టన్‌లో ఈ ఫ్యూగ్ వాయిస్తానని ఒప్పుకున్నాను. నలభై మూడు దాకా మూడు వారాల్లో వచ్చింది. ఆ ఐదు బార్లు ఆరు వారాలైనా రాలేదు. గొంతు నొప్పి అని కబురు పెట్టి కచేరీ మానేశాను. వాయించేవాడికి గొంతు నొప్పేమిటని అక్కడ ఎవరూ అడగలేదు. తర్వాత నాకు వచ్చినట్టుగా మార్చి, ఇంట్లో నాకు నేను వాయించుకున్నాను. నీకు పంపింది అదే. పుస్తకం తిరిగి ఇస్తే ఆ సంగతి ఒప్పుకున్నట్టవుతుందని ఇవ్వలేదు. గ్రంథాలయం వాళ్ళు తొమ్మిది ఉత్తరాలు రాశారు.

తప్పు తీసే పద్ధతి. నాకు 1961లో తెలియదు, తర్వాత పిల్లలకి చెబుతూ తెలిసింది. నలభై నాలుగు నుంచి మొదలుపెట్టకు. వేళ్ళకి ఆ గుమ్మం తెలుసు, లోపలికి పాత దారినే పోతాయి. నలభై ఎనిమిది ఒక్కటే నేర్చుకో, ఎడమ చెయ్యి. అది వచ్చాక నలభై ఏడు, ఆగకుండా నలభై ఎనిమిదిలోకి. తర్వాత నలభై ఆరు. వెనక నుంచి ముందుకి. ప్రతిసారీ తెలియని చోట మొదలుపెట్టి తెలిసిన చోటికి చేరతావు. చివరికి నలభై నాలుగుకి వచ్చేసరికి ముందున్నదంతా కొత్త దారే. నెమ్మదిగా. రోజుకి నలభై నిమిషాలు, ఎక్కువ వద్దు. విసుగ్గా ఉన్నప్పుడు వాయిస్తే విసుగు కూడా వేళ్ళకి వచ్చేస్తుంది.

నాకు ఆ ఐదు బార్ల ఎడమ చెయ్యి టైపు చేసి పంపావు చూడు, అడక్కుండానే, విడి కాగితం మీద. బెరిల్‌కి సంగీతం రాదు. అయినా స్వరం స్వరం చదివింది, తప్పు చదివి మళ్ళీ చదివింది, "మనిషన్నవాడు ఇది సరదాకి చేస్తాడా హెక్టర్" అని అడిగింది. సోమవారం నుంచి నేనూ నలభై ఎనిమిదితో మొదలుపెట్టాను. మీట ఎక్కడుందో కొసలకి తెలియడం లేదు, మణికట్టుకి తెలుస్తోంది. ప్రస్తుతం నలభై ఆరులో ఉన్నాను. నువ్వు నాకంటే వెనకబడి ఉంటే సిగ్గుపడాలి.

నవంబర్ 2, శనివారం. మీ గడియారంలో మధ్యాహ్నం రెండు, మాది రెండున్నర. కిట్టో టీచర్ ఇంటికి ఫోన్ చేస్తాం. నంబరు బెరిల్ తిప్పుతుంది, రిసీవర్ పియానో మీద ఆవిడే పట్టుకుంటుంది. ముందు నేను వాయిస్తాను, ఎడమ చెయ్యి మాత్రం, నలభై నాలుగు నుంచి నలభై ఎనిమిది దాకా. తప్పు ఎక్కడొస్తే అక్కడ ఆపు, మొహమాటపడకు. అది నీకు ఎలాగూ లేదు. నేను పూర్తిచేశాక నీ వంతు.

నీ పరీక్ష పన్నెండో తేదీ. నాది అంతకు పది రోజుల ముందు.

హెక్టర్